మరో చరిత్ర – మా ఊరి డేరాలో

మొన్న జూన్‌లో మా చెల్లెలి మనుమరాలు నాలుగు రోజులు ఉండిపోదామని మా ఇంటికి వచ్చింది. బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతోంది. ఒక మధ్యాహ్నం అరుగుమీద కూర్చొని ఫోనులో ఏదో నలుపు తెలుపు సినిమా చూస్తూంటే తొంగి చూచాను. 'మరో చరిత్ర'! ఆ పిల్ల పుట్టడానికి పాతికేళ్ళకు పైగా ముందు వచ్చిన చిత్రమది. అంతా చూచి, కళ్ళు తుడుచుకొని, "తాతా, ఇది వచ్చినప్పుడు మీ ఊళ్ళో జనం ఏమన్నారు?" అని అడిగింది.

పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? పాఠం మొదలుపెట్టాను. కె. బాలచందర్ దర్శకత్వంలో 1978 మే నెలలో విడుదలైందనీ, ఆత్రేయ పాటలు, గణేశ్ పాత్రో మాటలు, ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం అనీ, తమిళంలోకి మార్చకుండా తెలుగులోనే మద్రాసులో ఏడాదికి పైగా ఆడిందనీ, 1981లో 'ఏక్ దూజే కే లియే'గా హిందీలో వచ్చి దేశమంతా తిరిగిందనీ చెప్పుకుపోయాను. "అది కాదు తాతా, మీ ఊళ్ళో ఏమన్నారు?" అంది మళ్ళీ.

అక్కడ ఆగిపోయాను. సమాధానం తెలియక కాదు, చెప్పడానికి నోరు రాలేదు. ఆ పిల్లకు చెప్పలేకపోయినదాన్ని మీకు చెప్పుకుంటున్నాను.

మాది కళ్యాణదుర్గం ప్రాంతంలో ఒక మెట్ట పల్లె. నైరుతి మేఘాలు పడమటి కనుమల ఆవల కురిసి, తేలికపడి మా మీదుగా సాగిపోతాయి. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మా అనంతపురానికి రాసిపెట్టిన వాటా. అదైనా ఏ ఏటికాయేడు సరిగా ముట్టదు. వానలాగే కొత్త సినిమా కూడా మా పల్లెకు ఆలస్యంగా వచ్చేది. 1979 వేసవిలో ఎండిన చెరువు ప్రక్కన డేరా వేసి 'మరో చరిత్ర' ఆడించారు. నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు. ఆడవారికీ మగవారికీ మధ్య మోకాలెత్తు మట్టిగోడ. రీలు మార్చినప్పుడల్లా బయట బుడ్డీదీపాల వెలుగులో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మేవారు.

నేనప్పుడు తిరుపతిలో ప్రాచ్యకళాశాల విద్యార్థిని. ఇరవయ్యేళ్ళ వాణ్ణి. సెలవులకు ఇంటికి వచ్చాను. చెల్లెలికి పదిహేడు. పదవ తరగతి అయినాక చదువు మాన్పించారు. ఆమెది మా నాయన ఛాయ, నలుపు. అప్పటికి రెండు సంబంధాలు వచ్చి చూచి, బొరుగులూ బజ్జీలూ తిని, "ఇంటికి పోయి ఉత్తరం రాస్తాము" అని చెప్పి వెళ్ళాయి. ఉత్తరాలు రాలేదు. ఎందుకు రాలేదో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఆ రాత్రి అమ్మా చెల్లెలూ గోడకు ఆవల, నేను నా స్నేహితులతో ఈవల కూర్చున్నాము. తెర వెలిగిన కొద్దిసేపటికే వ్యాఖ్యానాలు మొదలైనాయి. "రంగుల్లో లేదేమప్పా?" అని ఒకడు. రంగుల చిత్రాలు విరివిగా వస్తున్న కాలంలో బాలచందర్ కావాలనే నలుపు తెలుపులో తీసినాడని మాకెవరు చెబుతారు? కమల్ హాసన్‌ను చూచి కుర్రవాళ్ళు ఈలలు వేశారు. అంతకు రెండేళ్ళ ముందు ఇదే దర్శకుని 'అంతులేని కథ'లో చూచిన ముఖమే. ఎగిరినా దూకినా వాడికే చెల్లిందన్నారు.

ఇక నాయికగా సరిత కనిపించింది. మొదటి చిత్రం, కొత్త ముఖం. నా వెనుకనుంచి ఒక గొంతు, "ఏమప్పా, హీరోయినికి ఎవరూ దొరకల్యా? ఈ నల్లపిల్లనా?" అంది. డేరా అంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. మోకాలెత్తు గోడ నవ్వును ఆపదు.

అయితే కథ నడిచేకొద్దీ జనం చీలిపోయారు. తమిళ కుర్రవాడు, తెలుగు పిల్ల, పక్కపక్క ఇళ్ళు, రెండు కుటుంబాలకూ భాషలోనూ తిండిలోనూ పొత్తు కుదరదు. విశాఖపట్టణంలో అది పెద్ద సమస్యే కావచ్చు. మా సరిహద్దు పల్లెలో చాలామందికి ఆ చిక్కే అర్థం కాలేదు. నా ముందు కూర్చున్న పెద్దాయన, "మా యమ్మ కన్నడం, మా నాయన తెలుగు. యేమాయె? కులమొకటైతే మాట యాదైతే యేమి?" అన్నాడు బిగ్గరగా. అందరూ ఔనన్నారు. కులమొకటి కాకపోతే ఏమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఏడాదిపాటు ఒకరినొకరు చూడకుండా, ఉత్తరం ముక్కైనా లేకుండా ఉంటే పెళ్ళి చేస్తామని పెద్దలు షరతు పెట్టినప్పుడు కుర్రవాళ్ళు దర్శకుణ్ణి తిట్టారు. రైతులు మాత్రం తాపీగా ఉన్నారు. శెనక్కాయ విత్తి ఆకాశంకేసి చూచేవారికి ఏడాది ఎదురుచూపు కొత్తది కాదు. బాలు ఫొటోను తల్లి కాల్చివేస్తే, ఆ బూడిదను స్వప్న పానీయంలో కలుపుకొని తాగే ఘట్టం వచ్చింది. మావైపు ఒకడు ఈల వేశాడు, ఇంకొకడు "పిచ్చిపిల్ల" అన్నాడు. గోడకు ఆవల మాత్రం చీమ చిటుక్కుమన్నా వినబడేటంత నిశ్శబ్దం.

చివర ఇద్దరూ చనిపోయినప్పుడు ఆడవారి వైపు వెక్కిళ్ళు, మగవారి వైపు కోపం. "దుడ్డిచ్చి ఏడ్చేకి వస్తిమా?" అని ఒకాయన డేరావాడితో తగాదాకు దిగాడు. బతికించి పెళ్ళి చేసుంటే మరోసారి వచ్చేవాళ్ళమని కొందరు, చచ్చినారు కాబట్టే నిజంగా ఉందని కొందరు.

మా ఇంటిదాకా మైలు దూరం నడక. వెన్నెల. స్నేహితులు నా తీర్పుకోసం చూస్తున్నారు, నేను శాస్త్రం చదువుతున్నవాణ్ణి గనుక. కొత్తగా నేర్చిన విద్య నాలుకమీద దురద పెడుతూ ఉంటుంది. మొదట ముగింపును పట్టుకున్నాను. మన నాటక సంప్రదాయం మంగళాంతం కోరుతుందనీ, రామాయణంలో సీత భూమిలో కలిసిపోయినా భవభూతి తన నాటకంలో సీతారాములను తిరిగి కలిపినాడనీ చెప్పాను. బాగుందన్నారు. ఆ ఉత్సాహంలో ఇంకొక మెట్టు ఎక్కాను. "ఆ పిల్ల నటన సరే. కానీ శృంగారానికి ఆలంబనం నాయిక. చూచేవాడి మనసు ఆమె రూపం మీద నిలవాలి. ఆ రూపమే లేనప్పుడు రసం ఎక్కడినుంచి పుడుతుంది?" అన్నాను. వెనుకనుంచి వినిపించిన ఆ మోటుమాటనే శాస్త్రభాషలోకి దిద్ది చెప్పాను, అంతే. అందరూ మెచ్చుకున్నారు.

చెల్లెలు లాంతరు పట్టుకొని నాకు రెండడుగుల ముందు నడుస్తోంది. ఏమీ అనలేదు. లాంతరు వెలుగు నా కాళ్ళమీదినుంచి కొంచెం కొంచెంగా ముందుకు జరిగిపోయింది. అమ్మ నావైపు తిరిగి, "చాలు రా" అంది.

ఆ తరువాత నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పాను. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఒళ్ళు నల్లన కాబట్టే వచ్చిందని, అంతటి అందగత్తె భారతకథలో మరొకతె లేదని, తరగతి తరగతికీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వెన్నెల్లో ఆ లాంతరు గుర్తుకు వచ్చేది. అదే పాఠం 1979లో కూడా నాకు వచ్చును. వచ్చిన పాఠం ఆ రాత్రి నోటికి రాలేదు.

సరిత సంగతి తరువాత శ్రద్ధగా గమనించాను. హిందీలో తీసినప్పుడు దర్శకుడు ఆయనే, నాయకుడు కమల్ హాసనే, నాట్యం నేర్పే సంధ్య పాత్రలో మాధవే. నాయిక మాత్రం మారింది, తెల్లని రతీ అగ్నిహోత్రి వచ్చింది. కారణం భాషే కావచ్చు, మరేదైనా కావచ్చు. అదే 1981లో బాలచందర్ తమిళంలో 'తణ్ణీర్ తణ్ణీర్' తీశారు, గుక్కెడు నీళ్ళకోసం అల్లాడే కరవుపల్లె కథ. అందులో సరితను చూస్తే మా ఊరి బావి దగ్గర బిందెతో నిలబడ్డ ఆడవారు కళ్ళముందు కదిలారు. ఆ ఛాయ, ఆ కళ్ళు, ఆ అలసట అన్నీ మావే. తరువాత తరువాత విజయశాంతి, సౌందర్య వంటి నాయికలకు ఆమె గొంతు అరువిచ్చింది. నల్లపిల్లనా అని నవ్విన మా ఊరివారే ఆ నాయికలు గర్జిస్తే చప్పట్లు కొట్టారు. ఆ గొంతు ఎవరిదో వారికి తెలియదు.

చెల్లెలికి 1982లో పావగడ వైపు పెళ్ళయింది. మంచి మనిషి దొరికాడు. నలభై ఏళ్ళకు పైబడిన ఈ కాలంలో మేము ఆ రాత్రి మాట ఎత్తలేదు. మనుమరాలు అడిగిన సాయంత్రం ధైర్యం చేసి ఫోను చేశాను. డేరాలో మరో చరిత్ర చూచినది జ్ఞాపకముందా అని అడిగాను.

"గుర్తులేకేమిన్నా. నువ్వు చెప్పింది గుడ్క గుర్తుండాది" అంది. నేను మాట్లాడలేకపోయాను. ఆమే అందుకుంది. "మర్నాడు నేను మళ్ళా పోయింటి. పక్కింటామె తోడు. భజనకు పోతాండామని అమ్మకు చెప్పి."

"మళ్ళీ ఎందుకమ్మా?"

"ఆ పిల్ల నవ్వేది చూసేకి. నన్ను చూసేకి వచ్చినోళ్ళ ముందర నవ్వద్దు, నల్లమొగంలో పండ్లే కనపడతాయని చెప్పేది కదా అమ్మ. ఆ పిల్ల చూడు, నోరంతా తెరిచి నవ్వుతాది. నువ్వు బాగుండావని ఎవురూ చెప్పకముందే నవ్వుతాది."

అలంకారశాస్త్రం చదివిన నాకు కనబడని నటన ఆమెకు కనబడింది. "ఆ రాత్రి తప్పు మాట్లాడితినమ్మా" అన్నాను.

"ఔను, మాట్లాడితివి" అంది చెల్లెలు. కొంచెంసేపు ఆగి, "మీ పక్క వాన పడెనా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. తమ పక్కా లేదంది.

మరునాడు మనుమరాలికి అంతా చెప్పాను. నా గురించి ఏమనుకుందో ఏమో, నన్నేమీ అనలేదు. "అవ్వ అబద్ధం చెప్పి సినిమాకు పోయిందా!" అని ఒకటే నవ్వు.

మిత్రులారా, మీ ఊళ్ళలో ఈ చిత్రం ఆడినప్పుడు ఎవరేమన్నారో జ్ఞాపకముంటే చెప్పండి. ఆ మాటలు వింటూ మీ ప్రక్కన కూర్చున్నది ఎవరో అదికూడా చెప్పండి.