మూడో పిన్ను పీకేస్తే పోతుంది సార్!

టర్న్‌టేబుల్లో హమ్ వస్తోందని హైదరాబాదులో ఎవరికైనా చెప్పి చూడండి. షాపువాడైనా, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్కైనా, ఆఫీసులో మన పక్క సీటు ఆడియో పండితుడైనా మూడు నిమిషాల్లో ఒకటే మందు చెబుతారు. "ఆంప్లిఫయర్ ప్లగ్గుకి మూడో పిన్ను పీకేయండి సార్, పోతుంది." పోతుంది కూడా. ఎలకలున్నాయని ఇల్లు తగలబెడితే ఎలకలు పోవూ? అలా పోతుంది. ఆ మందు మీద నాకున్న మంటే ఈ టపా.

ముందు కాస్త నేపథ్యం. నాన్నగారి దగ్గర అరవై దాకా ఎల్పీలున్నాయి. తెనాలిలో ఇల్లు ఖాళీ చేసినప్పుడు అవన్నీ మియాపూర్‌లో మా ఫ్లాటుకొచ్చాయి. ఆయన పాత సూట్‌కేసు ప్లేయరు ఎప్పుడో మూలపడింది కాబట్టి బెల్టుతో తిరిగే కొత్త టర్న్‌టేబుల్ ఒకటి కొన్నాను. ఫోనో ఇన్‌పుట్ ఉన్న సెకండ్‌హాండ్ ఆంప్లిఫయర్ ఇంట్లో ఎలాగూ ఉంది. మొదటి రోజే ఘంటసాల భగవద్గీత పెట్టాం. శ్లోకం వస్తున్నంతసేపూ బాగానే ఉంది. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకునే చోట మాత్రం వెనకాల నుంచి "బుమ్మ్‌మ్..." అని ఇంకో గొంతు. నాన్నగారు రెండు నిమిషాలు విని, "మన పాతదాంట్లో ఈ గోల లేదురా" అన్నారు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. దానికో కారణం ఉంది. పాత సూట్‌కేసు ప్లేయర్లలో ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జి. అది వందల మిల్లీవోల్టులిస్తుంది, పెద్దగా పెంచక్కర్లేదు. ఇప్పటి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయరు గరిష్ఠంగా ఇచ్చే 2 వోల్టులతో పోలిస్తే నాలుగు వందలో వంతన్నమాట. అది చాలదన్నట్టు, రికార్డు కోసేటప్పుడు గాడి మరీ వెడల్పు కాకుండా బేస్‌ని తగ్గించి కోస్తారు, వాయించేటప్పుడు ఫోనో స్టేజి దాన్ని తిరిగి పెంచుతుంది. 1954లో ఖాయమైన ఆర్‌ఐఏఏ లెక్క ప్రకారం 1000 హెర్ట్‌జ్ దగ్గర పెంచేదానికి దాదాపు ఏడు రెట్లు 50 హెర్ట్‌జ్ దగ్గర పెంచుతుంది. మన కరెంటు ఎన్ని హెర్ట్‌జో మీకు చెప్పక్కర్లేదుగా! అంటే దొంగ దూరేది ఎక్కడో సరిగ్గా అక్కడే తలుపు బార్లా తీసి పెట్టామన్నమాట.

(అన్నట్టు, సంగీతం తెలిసినవాళ్ళకో ముచ్చట. 50 హెర్ట్‌జ్ అంటే దాదాపు ఐదు శృతి, కాకపోతే బాగా కింద స్థాయిలో. అమెరికాలో 60 హెర్ట్‌జ్ కాబట్టి వాళ్ళ హమ్ ఆరున్నరకీ ఏడుకీ మధ్య ఎక్కడో ఊగుతుంది. మన హమ్మే శృతిశుద్ధంగా ఉంటుంది. :))

సరే, విషయానికొద్దాం. మనకి తెలిసిన విద్య ఒకటే: ఒకసారికి ఒక్కటే మార్చు, ఏం మారిందో రాసుకో. ప్రొడక్షన్లో బగ్గొస్తే చేసేదే ఇక్కడా చెయ్యాలి. మొదట సెలెక్టరు ఫోనో నుంచి ఆక్స్‌కి తిప్పాను. రొద దాదాపు పోయింది గానీ స్పీకరుకి చెవి ఆనిస్తే సన్నగా ఉంది. ఈ "సన్నగా ఉంది"ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ రొద గరగరమనడం లేదు, నున్నగా ఉంది. గరగరమంటే 100 హెర్ట్‌జూ దాని పిల్లలూ, అంటే రెక్టిఫయర్లో, ఫ్యాను డిమ్మరో అయ్యే అవకాశం ఎక్కువ. నున్నగా బుమ్మంటుంటే ఎర్తు దగ్గరో, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరో వెతకాలి.

టర్న్‌టేబుల్ వెనకాల నుంచి సిగ్నల్ తీగలతో పాటు సన్నటి ఎర్తు తీగ ఇంకోటి వస్తుంది. దాన్ని ఆంప్లిఫయర్ వెనకున్న మరకి బిగించాలి. (రేగా వాళ్ళ వాటిల్లాగా కొన్నింటికి ఈ తీగ విడిగా ఉండదు, కంగారు పడకండి.) మరలో బిగించాను. తీసి చూస్తే రొద పదింతలయింది, పెడితే తగ్గింది. అంటే తీగ బాగానే ఉంది, జబ్బు వేరేచోటుంది. టర్న్‌టేబుల్ మోటారు ఆపి, చేతిని రికార్డు మీద గాల్లో అంచు నుంచి మధ్యకి జరిపాను. దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మరు గానీ మోటారు గానీ కార్ట్రిడ్జిలోకి ఊదుతుంటే చోటుని బట్టి రొద మారుతుంది. మారలేదు. కార్ట్రిడ్జి వెనక నాలుగు రంగుల తీగల్లో ఏదైనా వదులైతే ఒక పక్క స్పీకరులోనే రావాలి. రెండిట్లోనూ సమానంగా వస్తోంది. అదీ కాదు.

ఇక అన్నీ పీకేసి ఒక్కొక్కటే తిరిగి తగిలించడం మొదలెట్టాను. ఆంప్లిఫయరూ స్పీకర్లూ మాత్రమే: నిశ్శబ్దం. టర్న్‌టేబుల్ తగిలించాను: నిశ్శబ్దం! టీవీ శబ్దం కోసం సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే తీగ పెట్టాను: వచ్చేశాడు. బాక్సుని అలాగే ఉంచి, దాని వెనక కేబులు వైరు మాత్రం ఊడదీశాను: మాయం.

ఈ రోగం పేరు గ్రౌండ్ లూప్. కేబులు వైరు మీది అల్లిక తీగ ఎక్కడో వీధిలోనో టెర్రస్ మీదో ఎర్తయి ఉంటుంది. ఆంప్లిఫయర్ త్రీపిన్ను ద్వారా ఇంట్లో ఎర్తయి ఉంటుంది. ఆ రెండు ఎర్తులకీ మధ్య వోల్టేజి తేడా ఉంటే, ఆ తేడా వల్ల కరెంటు మన ఆడియో తీగల మీదుగా ప్రవహిస్తుంది. మూడో పిన్ను పీకితే చుట్టు తెగుతుంది, రొద ఆగుతుంది. మెకానిక్కు చెప్పేది అబద్ధం కాదు, అదే చిక్కు.

మూడో పిన్ను లేకపోతే ఏమవుతుందో మనవాళ్ళలో చాలామందికి చర్మానుభవమే. లోహపు లాప్‌టాప్ చార్జింగులో ఉన్నప్పుడు మణికట్టు ఆనిస్తే జివ్వుమంటుంది చూడండి, అది ఎర్తు అందకపోవడం వల్లే. చార్జరు లోపలి ఫిల్టరు కెపాసిటర్లు ఆ డబ్బాని సుమారు 115 వోల్టుల దగ్గర వేలాడదీస్తాయి. కరెంటు మిల్లీయాంపియరులో కొంత మాత్రమే కాబట్టి జివ్వుతో సరిపోతుంది. ఆంప్లిఫయర్ లోపల ఇన్సులేషను పోయిన రోజున అంత మర్యాదగా ఉండదు.

కాబట్టి పిన్ను జోలికి పోలేదు. కేబులు వైరుకి పెట్టే ఐసొలేటరని ఒకటుంటుంది, అది తగిలిస్తే నా సమస్య తీరిపోయేది. కానీ నన్ను తొలిచేసిన సంగతి ఇంకోటుంది. పొద్దున్న పూట హమ్ ఎక్కువ. సరిగ్గా అమ్మ స్నానానికి గీజరు వేసినప్పుడు. గీజరు కట్టేస్తే తగ్గుతుంది. రెండుసార్లయితే కాకతాళీయం, నాలుగుసార్లు చూశాను.

మల్టీమీటరు తీసి, ఊడదీసిన కేబులు అల్లికకీ ఆంప్లిఫయర్ డబ్బాకీ మధ్య కొలిచాను. గీజరు లేనప్పుడు 0.6 వోల్టులు, ఉన్నప్పుడు 2.1. ఎర్తు తీగలో మామూలుగా కరెంటు పోకూడదు, గీజరు వేస్తే దాని వోల్టేజి మారకూడదు. మారేది న్యూట్రలు. తర్వాత హాలు సాకెట్లో కొలిచాను. ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య 228. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 228. న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య 0.0. ఎవరికి చూపించినా "ఎర్తింగ్ సూపర్ ఉంది సార్" అంటారు. గీజరు వేసి మళ్ళీ కొలిచాను. అప్పుడూ 0.0.

ఇక్కడే నాకు ఒళ్ళు జలదరించింది. మాది నాలుగో అంతస్తు. తొమ్మిది యాంపియర్లు పోతున్న న్యూట్రలు తీగ కింది నుంచి పైకొచ్చేసరికి ఒకటో రెండో వోల్టులు తేడా రావాల్సిందే. అసలైన ఎర్తుతో కొలిస్తే అది కనిపించాలి. ఎంత లోడు వేసినా సున్నాయే అంటే ఆ రెండు రంధ్రాల వెనకా ఉన్నది ఒకటే తీగ.

ఎలక్ట్రీషియన్ని పిలిచి మెయిన్ కట్టేయించి సాకెట్టు విప్పించాను. ఎర్తు పిన్నుకి పచ్చ తీగే లేదు. న్యూట్రలు నుంచి ఎర్తు పిన్నుకి రెండంగుళాల నల్ల వైరు ముక్క వేసి ఉంది. అతను ఏమాత్రం తొణక్కుండా "గిట్లనే ఉంటది సార్, శానా ఫ్లాట్లల్ల. పచ్చ వైరు గుంజుడు పని ఎక్కువని గిట్ల చేస్తరు" అన్నాడు.

ఈ ముక్క ఏం చేస్తుందంటే, వెనకాల ఎక్కడైనా న్యూట్రలు వదులైందనుకోండి, ఫేజు కరెంటు ఆన్‌లో ఉన్న వస్తువు గుండా వచ్చి, వెళ్ళే దారిలేక, ఈ ముక్క మీదుగా ఆ వస్తువు లోహపు ఒంటి మీదికి చేరుతుంది. 230 వోల్టులు. వస్తువులో ఏ లోపమూ అక్కర్లేదు. అసలు ఎర్తే లేకపోవడం కన్నా ఇది ఘోరం.

మొత్తం పద్నాలుగు సాకెట్లు విప్పించాం. అయిదింటికి ఆ ముక్కలున్నాయి. ఐదోది గీజరుది.

బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందిగా, అది కాపాడదా అని మీరడగొచ్చు. నేనూ అదే అడిగాను. ఇలాంటి ముక్క ఉన్న చోట ఆర్‌సీసీబీ నిలవదు, వెళ్ళిన కరెంటులో కొంత దొంగదారిన తిరిగొస్తోందని పసిగట్టి ఊరికే పడిపోతుంటుంది. పడిపోతోందని దాన్ని కూడా తప్పించి తీగలు వేసేశారు. బోర్డులో అది దిష్టిబొమ్మలా కూర్చునుంది. ఒక అడ్డగోలు పనిని నిలబెట్టడానికి ఇంకో అడ్డగోలు పని. ఎర్రరు వస్తోందని ఎక్సెప్షన్ని మింగేసే కోడు రాసేవాణ్ణి మనం తిడతాం గానీ, వాడి వల్ల ఎవరూ బాత్రూములో పడి చనిపోరు. ఇళ్ళల్లో ఎర్తింగు ఎలా ఉండాలో చెప్పడానికి ఐఎస్ 3043 అని పేద్ద ప్రమాణమే ఉంది మన దేశంలో. ఎవరి కోసమో మరి!

రెండు రోజులు పట్టింది. గొట్టాల్లోంచి కొత్త పచ్చ తీగలు లాగించాను. అదృష్టం కొద్దీ బిల్డింగు ఎర్తు బోర్డు దాకా సరిగ్గానే వచ్చి ఉంది. ముక్కలన్నీ పీకించి, ఆర్‌సీసీబీని మళ్ళీ దారిలో పెట్టించి, టెస్టు బటన్ నొక్కితే టక్కున పడింది. గీజరు వేసి కొలిస్తే న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య 1.6 వోల్టులు. సున్నా కాని అంకె చూసి అంత సంతోషపడటం నాకదే మొదటిసారి.

హమ్ సగానికి పైగా ఆ పనితోనే పోయింది. మిగిలింది కేబులు వైరుకి ఐసొలేటరు పెడితే పోయింది. ఇప్పుడు వాల్యూము మొత్తం పెంచి స్పీకరుకి చెవి ఆనిస్తే ఏదో లీలగా వినిపిస్తుంది. అలా వినేవాళ్ళు మా ఇంట్లో నేనొక్కణ్ణే. నాన్నగారికి ఇప్పుడు కొత్త ఫిర్యాదు, రెండో వైపు గీత పడి సూది ఒకేచోట తిరుగుతోందని. దానికి నా దగ్గర మందు లేదు.

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఫోటోలతో సహా పెట్టాను. నలభై ఫ్లాట్లలో పదకొండు మంది చూడమన్నారు. ఆదివారాలు మల్టీమీటరు పట్టుకుని తిరుగుతున్నాను, ఏడింటిలో ఆ ముక్కలు దొరికాయి. రెండిళ్ళలో గీజరు సాకెట్టుకే ఉంది. అసోసియేషన్ పెద్దమనిషి ఒకాయన మాత్రం "ఇన్నేళ్ళ నుంచీ ఏం కాలేదు కదండీ" అంటున్నారు. మీ ఇంట్లో కొలిచి చూడాలనుకుంటే లోడు వేసి కొలవండి, ఊరికే కొలిస్తే తెలియదు. మల్టీమీటరు అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోండి. సాకెట్టు మాత్రం మెయిన్ కట్టేయకుండా విప్పొద్దు.