మెడ నిమిరిన చెయ్యి

సెలవులకు పట్నంలోని మా తమ్ముడింటికి వెళ్లాము. అక్కడ మా అబ్బాయి వీడియో గేము ముందునుండి కదలడం లేదు. గద్దించబోతే, “ఉండండి నాన్నగారూ, గుర్రం బెదురుతుంది” అన్నాడు. పక్కన కూర్చున్నాను.

అది 2017లో నింటెండో సంస్థ విడుదల చేసిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ అనే ఆట. అందులో అడవి గుర్రాన్ని పట్టాలంటే వెనుకనుండి వంగి, చప్పుడు కాకుండా వెళ్లాలి. ఎక్కగానే ఎగిరెగిరి పడుతుంది. విడువక నిమురుతూ ఉండాలి. మచ్చల గుర్రాలు త్వరగా మచ్చికవుతాయి. ఒకే రంగువి మొండివి. లొంగిన తరువాత కూడా అది తన దారిన పోతుంది. చెప్పిన వైపు తిరిగినప్పుడల్లా మెడ నిమరాలి, అప్పుడప్పుడు ఆపిల్ పండు పెట్టాలి. అలా మెల్లగా చనువు పెరుగుతుంది.

“ప్రతిసారీ నిమరాలా?” అన్నాను.

“మాట విన్నానని దానికెలా తెలుస్తుంది, నాన్నగారూ?”

ఆ మాట నన్ను గుచ్చింది. తప్పు చేసినప్పుడు వాడిని గద్దించిన రోజులు ఎన్నో. మాట విన్నప్పుడు మెచ్చుకున్న రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

భోజనానికి పిలిచాను. వెంటనే ఆట ఆపి లేచాడు. భుజం తట్టాను. అలవాటు లేని ఆ స్పర్శకు ఉలిక్కిపడ్డాడు.

ఆ ఉలికిపాటే నాకు గద్దింపు అయింది.