చిరుతిండి నడిపే రైలు

టోక్యోకు తూర్పున, పసిఫిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల కొసన ఉంది చోషి పట్టణం. అక్కడ జేఆర్ రైలు దిగి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిస్తే మరో చిన్న రైలు ఎదురవుతుంది. అది ప్రైవేటు సంస్థ చోషి ఎలక్ట్రిక్ రైల్వేది. ఒంటి లైను, 6.4 కిలోమీటర్లు, పది స్టేషన్లు. యమాసా సోయాసాస్ ఫ్యాక్టరీని ఒరుసుకుంటూ, క్యాబేజీ పొలాలు దాటుకుంటూ 20 నిమిషాల్లో చివరి స్టేషన్ తొకావా చేరుతుంది.

లైను మొదలైన 1923 నాటి చెక్క కట్టడమే ఇప్పటికీ తొకావా స్టేషన్. పక్కనే 2010లో విశ్రాంతి తీసుకున్న పాత పెట్టె డెహా 801 నిలిచి ఉంటుంది. స్టేషన్ దాటగానే వీధులు ఏటవాలుగా చేపల రేవులోకి దిగిపోతాయి. 1874 నాటి లైట్‌హౌస్ కోసం వచ్చేవారు ముందు స్టేషన్ ఇనుబోలోనే దిగిపోతారు. తొకావా దాకా వచ్చేది ఊరివాళ్లు, రైళ్లంటే ప్రాణమిచ్చేవాళ్లు.

ఈ లైను 2006లోనే మూతపడాల్సింది. మాజీ అధ్యక్షుడు నిధులు కాజేయడంతో సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. చట్టం ప్రకారం రైళ్లకు చేయించాల్సిన తనిఖీలకూ డబ్బు లేదు. ఆ నవంబరులో సంస్థ తన వెబ్‌సైట్‌లో సిగ్గు విడిచి అడిగింది: రైళ్ల మరమ్మతుకు డబ్బు కావాలి, మా నురె సెంబెయ్ కొనండి అని. కాల్చిన వెంటనే సోయాసాస్‌లో ముంచి తీసే బియ్యపు బిళ్లలవి. కరకరలాడవు, మెత్తగా సాగుతాయి. 1995 నుంచీ సంస్థ వాటిని అమ్ముతోంది. దేశం నలుమూలల నుంచీ ఆర్డర్లు వెల్లువెత్తాయి. తనిఖీలు పూర్తయ్యాయి, రైలు ఆగలేదు.

ఆ తర్వాత టికెట్ల కన్నా తినుబండారాల ఆదాయమే ఎక్కువైంది. 2018లో 'మజుయి బో' అనే మొక్కజొన్న చిరుతిండి వచ్చింది. 'మజుయి' అంటే రుచి లేనిదనీ, పరిస్థితి బాగాలేదనీ రెండర్థాలు. తన దివాలానే సరుకుగా మార్చి అమ్మగల రైల్వేలు అరుదు.

అయితే చిరుతిండి మరమ్మతు ఖర్చులు తేగలదు గానీ ప్రయాణికులను తేలేదు. 1960ల్లో 90 వేలున్న చోషి జనాభా 2020 నాటికి 60 వేల లోపుకు పడిపోయింది. బడిపిల్లలు, వృద్ధులు ఎక్కే రైలుకు అసలు ముప్పు అదే.

2015లో సంస్థ స్టేషన్ల ముద్దుపేర్లను కూడా అమ్మకానికి పెట్టింది. తొకావా పేరు కొన్న కంపెనీ దానికి తన పేరు పెట్టుకోలేదు. 'అరిగతో' అని పెట్టింది. అంటే ధన్యవాదాలు. ఇక్కడ పట్టాలు అయిపోతాయి. వచ్చిన రైలు కాసేపు ఆగి, మళ్లీ చోషికి బయల్దేరుతుంది.