నాగార్జునసాగరము: కట్టనుండి చివరి చేనివఱకు

సాగరమనగా పల్నాటి మెట్టపల్లెల స్త్రీకి ముందుగా తోచునది విద్యుత్తు గాదు, వరిచేను గాదు, కడవెడు మంచినీరు. ఆ జలనిధిని గూర్చి, సోదరీమణులారా, రెండు మాటలు వ్రాయుచున్నాను.

కృష్ణానదికి ఇచ్చట ఆనకట్ట కట్టవలెనని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు మిక్కిలి పాటుపడిరి. 1955 డిసెంబరు 10వ తేదీని జవహరులాల్ నెహ్రూగారు శంకుస్థాపనము గావించిరి. 1967 ఆగస్టు 4వ తేదీని ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. రాతితో కట్టిన ఆనకట్టలలో ఇది లోకమునందు మిక్కిలి పెద్దవానిలో నొకటి. పునాది మొదలు దీని యెత్తు సుమారు 124 మీటర్లు, తలుపులు 26. కుడికాలువకు జవహరుగారి పేరును, ఎడమకాలువకు లాల్ బహదూరుగారి పేరును పెట్టిరి.

మొన్నటి బడి సెలవులలో మావారితో మాచర్ల మీదుగా పోయి ఈ కట్టను చూచితిని. ఒక ప్రక్క సముద్రమువలె నీరు. వేఱొక ప్రక్క పాతాళమువలె లోయ. ఈ రాళ్లు మోసిన వేలకొలది కూలీలలో స్త్రీలెందఱో కలరు. వారి పేర్లు మన మెఱుగము.

విజయపురి దక్షిణమునుండి లాంచి యెక్కి నాగార్జునకొండకు పోవచ్చును. నేడు ద్వీపమైయున్న ఆ కొండ, పూర్వము ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి లోయలోనిది. లోయ మునుగకముందే 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను పైకి తరలించిరి. అచటి శాసనములు చదివినవారికి స్త్రీల పేర్లే యెక్కువగా కనబడును. మహాచైత్యమునకు దానమిచ్చినది రాజు తోబుట్టువు చాంతిసిరి. బోధిసిరి యను ఉపాసిక చైత్యగృహమును కట్టించినది. పూర్వశైలమున ఒక చెరువు కూడ నిర్మింపజేసినది. ఆ పుణ్యమున పెనిమిటిని, బంధువులను భాగస్వాములను జేసినది.

ఆ లోయలో నివసించినవారు తమ ఇండ్లను, పొలములను నీటికి విడిచి పోయిరి. మన కుండలోని నీరు వారి త్యాగఫలమని మఱువరాదు.

అంతటి త్యాగమునకు ఫలము అందఱికిని అందుచున్నదా? కుడికాలువ 200 కిలోమీటర్లకు పైగా సాగి ప్రకాశము జిల్లాకు పోవును. ఎగువ పొలములలో వరి నిండుగా తడియును. చివరి చేలకు నీరు ఆలస్యముగా వచ్చును, కొన్ని యేండ్లు రానే రాదు. ప్రత్తికిని మిరపకును చేను నిండ నీరక్కఱలేదు. వానలు వెనుదీసిన పిదప సమయమున కొక ఆరుతడి చాలును. ఆ తడి తప్పినచో పూత రాలును, కాయ చిక్కును. కల్లములో ఎఱ్ఱని కాయల రాశికై చూచు ఇల్లాలికి మిగులునది అప్పు.

పైగా పూడిక చేరి, మొదట 408 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము నేడు 312 టి.ఎం.సి.లు మాత్రమే పట్టుచున్నది. నీరు తగ్గినకొలది పంపకము నేర్పు కావలెను.

చెరువు కట్టించిన బోధిసిరి పుణ్యమును పంచినది. మనకు పంచవలసినది నీరు. ఎగువ గ్రామముల సోదరీమణులు తమ యింటివారితో ఒక్క మాట చెప్పవలెను: మన చేను తడిసిన పిదప తూము మూయుడు, దిగువ చేను ఎండుచున్నది.