కేప్రింటర్

కేప్రింటర్ అనేది లినక్స్, యునిక్స్ కంప్యూటర్లలో కేడీఈ డెస్క్‌టాప్‌తో వచ్చిన ప్రింటింగ్ సాధనం. 2001లో కేడీఈ 2.2తో బయటికి వచ్చింది. అంతకుముందు ప్రింటు కావాలంటే చాలాసార్లు టెర్మినల్‌లో ఎల్‌పీఆర్ అని టైపు చేసి పక్కన ఫైలు పేరు ఇవ్వాల్సి వచ్చేది. క్యూ చూడ్డానికి ఎల్‌పీక్యూ, అందులోంచి పని తీసేయడానికి ఎల్‌పీఆర్‌ఎం. ఇవేవీ పనిచెయ్యక కాదు, ఏ ఆప్షన్‌కి ఏ అక్షరమో గుర్తుండక చావు.

కేప్రింటర్ తానుగా ప్రింటు చెయ్యదు. ఆ పని వెనకనున్న కప్స్ లాంటి వ్యవస్థది. ఇది ఫైలు అందుకుని, ఏ ప్రింటరు, ఎన్ని కాపీలు, ఒక కాగితం మీద ఎన్ని పేజీలు అని అడిగి అప్పగిస్తుంది. కేడీఈతో సంబంధంలేని ప్రోగ్రాములకీ పనికొస్తుంది. నెట్‌స్కేప్‌లో ప్రింటు కమాండ్ గడిలో ఎల్‌పీఆర్ చెరిపి దీని పేరు రాస్తే సరి, ఆ ముసలి బ్రౌజరుకీ ఇదే డైలాగ్ వచ్చేది. ప్రింటర్ల జాబితాలోనే పీడీఎఫ్‌గా దాచుకునే దారి కూడా ఉండేది.

అన్నిటికన్నా విలువైనది బేసి పేజీలు, సరి పేజీలు అని ఎంచుకునే వీలు. రెండువైపులా వెయ్యడం చేతకాని చవక ప్రింటరుకి ఇదే దిక్కు. ముందు బేసి పేజీలు వేసి, ఆ కాగితాల్నే తిరగేసి పెట్టి సరి పేజీలు వెయ్యాలి. అలా పెట్టినప్పుడు ఆఖరి కాగితం పైన ఉండే ప్రింటర్లలో సరి పేజీల్ని చివర్నుంచి వెయ్యాలి. మొత్తం అయిదు పేజీలే అనుకుంటే, అయిదో పేజీ కాగితాన్ని ముందే పక్కకి తియ్యాలి. తియ్యకపోతే దాని వీపున నాలుగో పేజీ పడుతుంది, ఆ పైన అంతా గల్లంతే. ఇంత అవసరమైనదాన్ని ఇప్పటి ప్రింటు డైలాగులు ‘మరిన్ని సెట్టింగులు’ చాటున దాస్తాయి, కొన్నిట్లో వెతికినా దొరకదు. పైన మాత్రం పెద్ద ప్రివ్యూ, దాని కింద పెద్ద బటన్. ప్రివ్యూ చూసి మురిసిపోవడానికా ప్రింటు ఇచ్చేది!

పంపిన పనుల్ని చూసుకోవడానికి కేజాబ్‌వ్యూయర్ అని వేరే విండో. అందులో పనిని ఆపొచ్చు, మళ్లీ నడపొచ్చు, ఒక ప్రింటరు మొరాయిస్తే ఇంకోదానికి మార్చొచ్చు. కప్స్‌లో ప్రాధాన్యం 1 నుంచి 100 దాకా ఉంటుంది. ఏమీ చెప్పకపోతే 50. అంకె పెద్దదైతే ముందుకెళ్తుంది. రద్దు కొట్టినా ఒకటి రెండు పేజీలు వచ్చేస్తాయి, అప్పటికే ప్రింటరు మెమరీలోకి చేరిన భాగం మీద విండోకి పట్టు ఉండదు మరి.

2008 జనవరిలో వచ్చిన కేడీఈ 4లో కేప్రింటర్‌కి చోటు దక్కలేదు. చూసుకునేవాళ్లు లేక వదిలేశారు, దాని బదులు క్యూట్ లైబ్రరీ డైలాగు వచ్చింది. క్యూ చూసుకోవడానికి ఇప్పుడు ప్రింట్ మేనేజర్ ఉంది. కేడీఈ 3.5ని కొనసాగించే ట్రినిటీ డెస్క్‌టాప్‌లో మాత్రం కేప్రింటర్ ఇంకా నడుస్తోంది.