కొండకు కట్టిన వెల

దానము చేయుటకు ధనము చాలును గదా, కాళ్ళు నొప్పి పెట్టుకొననేల యని మమ్ము పలువురు ప్రశ్నించిరి. ఈ ప్రశ్న తీసివేయదగినది కాదు. ఒకడు గుట్ట యెక్కినంత మాత్రమున మఱియొకని బిడ్డకు చదువెట్లబ్బును? ఎక్కువాని చెమటకును ఇచ్చువాని రూపాయికిని గల సంబంధమేమి? గడచిన మార్గశిర పుష్యమాసములలో మేమైదుగురము మిత్రులము, ఐదు ఆదివారములందు ఐదు గుట్టలెక్కి, గుట్టకింత యని చందాలు కూర్చితిమి. ఆ పనివలన మాకు దొరకిన సమాధానమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

మా కొత్తగూడెము ఎక్కువారి యూరు కాదు, దిగువారి యూరు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము సాగెను. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడెను. దాని ముఖ్యకార్యాలయము నేడు మా యూరనే యున్నది. ఇచ్చటి పురుషులు తరతరములుగా తలపై దీపము కట్టుకొని భూమిలోనికి దిగి, కూలి గడించి, పైకి వచ్చిరి. ఓపెన్‌కాస్టు గనులు వచ్చిన తరువాత, బొగ్గుమీది మట్టిని రాతిని తీసి పోయగా నేర్పడిన దిబ్బలే గుట్టలవలె నిలిచినవి. అట్టి యూర, కూలి లేకయే కొండలెక్కుదుమని మేము చెప్పగా నవ్వినవారిని తప్పు పట్టజాలము. మాలో ఒకరు ముప్పదియేండ్లు గనిలో పనిచేసి విరమించినవారు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు మందుల దుకాణము నడుపువారు, ఒకరు గృహిణి. ఉపాధ్యాయులలో ఒకరును స్త్రీయే.

ఆడువారు గుట్టలు పట్టి తిరుగుటేమని ఆ గృహిణి యత్తగారు మొదట అడ్డు చెప్పిరి. ఆమె ప్రేమలేనిది కాదు. కోడలి మోకాళ్ళనుగూర్చి ఆమెకు నిజమైన దిగులే కలదు. అయితే ఆ కోడలే ఆరేండ్ల క్రిందట, భర్తకు జబ్బు నయమైనందుకు అలిపిరి నుండి తిరుమలకు మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లు ఎక్కినది. ప్రతి మెట్టునకును పసుపు కుంకుమ పెట్టి మరి యెక్కినది. నాడు అత్తగారే దగ్గరుండి పంపిరి. "మన యింటి మేలు కొఱకు ఎక్కినప్పుడు నొప్పి పెట్టని మోకాళ్ళు పరుల బిడ్డలకని యెక్కినప్పుడే నొప్పి పెట్టునా, అత్తయ్యా?" అని కోడలు మెల్లగా నడుగగా, పెద్దామె కొంతసేపూరకుండి, "అయితే తలకు గుడ్డ కట్టుకొని పో, మంచు పడుతుంది" అని మాత్రమనిరి. మన కుటుంబములలో సంస్కారము సభాతీర్మానములకంటె ఇట్టి మాటల దారినే యెక్కువగా నడచును.

కొండ యెక్కి చందా కూర్చు పద్ధతి విదేశములలో చిరకాలముగా నున్నది. బ్రిటనులో స్కాట్లాండు, ఇంగ్లాండు, వేల్సు దేశములందలి మిక్కిలి యెత్తయిన శిఖరములు మూడు: బెన్ నెవిస్ 1,345 మీటర్లు, స్కాఫెల్ పైక్ 978 మీటర్లు, స్నోడన్ 1,085 మీటర్లు. ఈ మూటిని ఇరువదినాలుగు గంటలలో ఎక్కి దిగుటకు మిత్రులు జట్లుగా బయలుదేరుదురు. తెలిసినవారు వారి పూనికను మెచ్చి ఆసుపత్రులకో అనాథలకో ధనమిత్తురు. ఈ పద్ధతికి చెడుగును లేకపోలేదు. అర్ధరాత్రమున బండ్లు వచ్చి కొండక్రింది చిన్న పల్లెలకు నిద్ర లేకుండ చేయుననియు, బాటలు కోసుకొని పోవుననియు ఆ దేశపువారే ఫిర్యాదు చేసిరి. పరోపకారమునకు బయలుదేరినవాడు దారిలోనివారికి అపకారి కారాదు గదా! కావున మేము గంటల లెక్క పెట్టుకొనలేదు. పగటివేళనే యెక్కి, పగటివేళనే దిగితిమి.

ధనమెందులకని ముందే నిశ్చయింపవలసియుండెను. మా యూరికి కొంత దూరమున అడవి యంచున ఒక కోయగూడెము కలదు. అచ్చట ఐదవ తరగతి వరకు బడి యున్నది. ఆ పైచదువునకు వాగు దాటి పోవలెను. వానకాలమున వాగు పొంగగా బాలురు చుట్టుదారిని నడచి పోదురు. బాలికలను అంత దూరము ఒంటరిగా పంపుటకు తల్లులు జంకి నిలిపివేయుదురు. నాలుగు నెలలు నిలిచిన చదువు మరల మొదలగుట అరుదు. మేము గుట్ట లెక్కుటకు ముందే ఆ గూడెమునకు పోయి తల్లులతో కూర్చుండి, ఏమి కావలెనని యడిగితిమి. పుస్తకములు, సంచులు అని వారడుగుదురని తలంచినవారు మాలో కొందరుండిరి. వారు అడిగినది ఒకటే: వానలు కురియు నాలుగు నెలలు చుట్టుదారిని పిల్లలను తీసికొనిపోయి తీసికొనివచ్చుటకు ఒక ఆటో. దాని కిరాయియే మా చందాకు గురి యయ్యెను.

మొదట భద్రాచలమున భద్రగిరిని, తరువాత ఖమ్మము కోటగుట్టను, మణుగూరు రథంగుట్టను ఎక్కితిమి. నాలుగవది చంద్రుగొండ మండలములోని కనకగిరి. కడపటిది భువనగిరి యేకశిల. దానికి మా యూరి స్టేషనులో రైలెక్కి పోయితిమి. ఆ స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరగుటచేత, రాముని చూడవచ్చిన కొత్తవారు మా యూర దిగి గోదావరి యెక్కడ అని యడుగుట కద్దు. హిమాలయముల నెఱిగినవారికి ఇవి కొండలుగా తోచవు. కాని ముప్పదియేండ్లు బొగ్గుపొడి పీల్చిన మా పెద్దమిత్రునికి ప్రతి గుట్టయు హిమాలయమే. ఆయన నూరడుగుల కొకసారి నిలిచెడివారు, మేమును నిలిచెడివారము. ఎవరును ముందుగా శిఖరము చేరరాదనునది మేము పెట్టుకొన్న ఏకైక నియమము.

కనకగిరిపై సగము దారిలో మాకొక కోయస్త్రీ యెదురైనది. తలపై కట్టెలమోపు, కాళ్ళకు చెప్పులు లేవు. మేము ప్రక్కకు తొలగి దారి యిచ్చితిమి. ఆమె నిలిచి, "మొక్కు తీర్చుకోను పోతున్నరా అక్కా?" అని యడిగినది. మా ఉపాధ్యాయిని సంగతి చెప్పినది: గుట్ట యెక్కినందుకు తెలిసినవారు డబ్బిత్తురనియు, అది పిల్లల చదువునకనియు. ఆమె విని నవ్వి, "గుట్టెక్కితే పైసలిస్తరా? మేం రోజూ ఎక్కుతనే ఉన్నం గదక్కా!" అని మోపు సరిచేసికొని దిగిపోయినది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. అందువలననే అది మా మనస్సులో మఱింత లోతుగా నాటినది. ఆనాడు మిగిలిన దారి యంతయు మాలో నెవరును మాటాడలేదు.

ఆమె మాట నిజము. అక్కఱ లేని నడకకు వెల కట్టు లోకము అక్కఱ గల నడకను కన్నెత్తి చూడదు. చదువుకొన్నవాడు సెలవునాడు ఒక గుట్ట యెక్కిన సాహసమగును. ఆమె దినమునకొకసారి యెక్కిన బ్రతుకుతెరువగును. ఈ యన్యాయము మాతో పుట్టినది కాదు. 1953 మే 29న హిల్లరీ, టెన్సింగులు ఎవరెస్టు శిఖరము చేరువరకు, ఎన్నో యాత్రలకు బరువులు మోసిన షెర్పాలలో లోకము పేరు పెట్టి యెఱిగినవారు మిక్కిలి కొద్దిమంది. హిల్లరీ గొప్పతనము శిఖరముతో ముగియలేదు. ఆయన 1960లో హిమాలయన్ ట్రస్టును స్థాపించి, 1961లో ఖుంజుంగ్ గ్రామమున షెర్పా బిడ్డలకు బడి కట్టించెను. పిదప ఆ లోయలలో మఱికొన్ని బడులును ఆసుపత్రులును వెలసినవి. కొండపై తనకు లభించిన కీర్తిని కొండవారి బిడ్డలకు చెల్లవలసిన బాకీగా నాతడు భావించెనని మా తలంపు.

దూరదేశపు మాట యేల? మా జిల్లాలోనే దీనికి మించిన నిదర్శనము కలదు. 2014 మే 25న ఇద్దరు తెలుగు విద్యార్థులు టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు నెక్కిరి. ఒకరు నిజామాబాదు జిల్లా గిరిజనబాలిక మాలావత్ పూర్ణ. ఆమెకప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. రెండవవాడు చర్ల మండలమునకు చెందిన దళితబాలుడు సాధనపల్లి ఆనందకుమార్. చర్ల నాడు ఖమ్మము జిల్లాలోనిది. 2016 నుండి మా భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. మేము రొప్పుచు ఎక్కిన ఆ భువనగిరి బండమీదనే వారు తొలి శిక్షణ పొందిరి. పూర్ణ అచ్చటితో నాగక, 2022లో డెనాలీ నెక్కి, ఏడు ఖండముల మహోన్నత శిఖరముల నేడింటిని ముగించెను. వారికి లభించినది ఒకరి దయ కాదు. ప్రభుత్వపు బడి, పూట తప్పని భోజనము, నీవును చేయగలవని చెప్పిన గురువులు — ఇవి ప్రతి బిడ్డకును చెల్లవలసినవి. చెల్లవలసినది చెల్లినపుడు ఆ బిడ్డలు ఎంత యెత్తునకు పోగలరో ఆ ఇద్దరు లోకమునకు చూపిరి.

ఈ భేదము తెలిసియుండుటచేతనే ఒకచోట మేము పట్టు విడువలేదు. ఒక వర్తకుడు మాకు లోటుపడిన మొత్తమంతయు తానే యిత్తునని ముందుకు వచ్చెను. ఆయన కోరిక యొకటే: బాలికలను వరుసగా నిలిపి, వారి చేత తన దుకాణపు పేరుగల గుడ్డ పట్టించి, పటము తీయించి పంపవలెను. మాలో వాదము జరిగినది. పటమునకేమి, బిడ్డల చదువు ముఖ్యము గదా యని ఒకరనిరి. మా గనిమిత్రుడు, "మన బిడ్డనైతే నిలబెడుదుమా?" అని యొక్కమాట అడిగిరి. ఆ మాటతో వాదము ముగిసినది. వర్తకునికి నమస్కరించి వచ్చితిమి.

లోటు మిగిలినది. సగము మేము తలయింత వేసికొంటిమి. తక్కిన సగము సంగతి తెలిసి, గూడెములోని తల్లులే తునికాకు కూలిలో నుండి ఇంటికి నెలకు ఏబది రూపాయలు ఇత్తుమనిరి. వలదని మేము చెప్పగా వారు సమ్మతింపలేదు. మా బిడ్డ యెక్కు బండిలో మా పైస కూడ ఉండవలెనన్నది వారి పట్టు. వానలు మొదలైన నాటి నుండి ఆటో నడుచుచున్నది. తొమ్మిదిమంది బాలికలు దానిలో పోవుచున్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. దానమునకు కొండ యేల? కొండ లేకయు దానము చేయవచ్చును, నిజమే. కాని ఊరకే యడిగిన చేయి చాపినట్లుండును. తాను కొంత శ్రమపడి యడిగినవాని మాట నలుగురు నిలిచి విందురు. ఆ వినికిడియే కొండవలన మాకు వచ్చిన లాభము. అది ఎవరి కొఱకు ఖర్చు పెట్టితిమి, ఎవరి నడిగి పెట్టితిమి, ఎవరి మానము కాపాడి పెట్టితిమి అనుదానిని బట్టియే ఎక్కినవాని యెత్తును కొలువవలెను.

మఱియొక మాట. ఆటో నాలుగు నెలల పడవ. వాగుపై వంతెన శాశ్వతమైన దారి. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకును చదువు హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. హక్కు పొందవలసిన బిడ్డను చందాలపై ఎన్నాళ్ళు దాటింతుము? కావున తల్లుల వ్రేలిముద్రలతోను సంతకములతోను వంతెన కొఱకు అర్జీ వ్రాయించి పంపితిమి. చదువరులలో గుట్టలెక్కు నుత్సాహము గలవారు ఎక్కుదురు గాక; ఎక్కలేనివారు తమ యూరి చుట్టునున్న గూడెములలో ఏ వాగు వద్ద ఏ బాలిక నిలిచిపోవుచున్నదో కనుగొందురు గాక. అర్జీ వ్రాయుటకు మోకాళ్ళ బలము అక్కఱలేదు. మరల మరల పోయి అడుగు నోపిక చాలును.