హెర్క్యులేనియంలో ఒక వ్యాజ్యం

పిల్లలూ, ఇటలీలో నేపుల్స్ నగరానికి దగ్గరగా హెర్క్యులేనియం అనే పురాతన పట్టణం ఉన్నది. క్రీ. శ. 79లో విసూవియస్ అగ్నిపర్వతం బద్దలై దాన్ని దాదాపు 20 మీటర్ల లోతున పూడ్చివేసింది. ఇప్పుడు మీరు అక్కడికి వెళితే, పైనున్న నేటి ఊరి నుంచి కిందికి దిగి ఆనాటి వీధుల్లో నడవవచ్చు.

అక్కడ ఒక పెద్ద ఇంటిని 'ద్విశతాబ్ది గృహం' అంటారు. 1738లో తవ్వకాలు మొదలైన 200 ఏళ్ళకు, అంటే 1938లో, అది బయటపడింది. అందులో చెక్క పలకలు దొరికాయి. రోమనులు పలకకు మైనం పూసి, దానిమీద గంటంతో రాసేవారు. ఆ మైనం ఏనాడో కరిగిపోయింది. కాని గంటం మొన చెక్కలో దిగి, సన్నని గీతలు మిగిలాయి. పండితులు వాటినే కూడబలుక్కుని చదివారు.

అవి ఒక వ్యాజ్యం తాలూకు కాగితాల వంటివి. క్రీ. శ. 75 ప్రాంతంలో యూస్టా అనే యువతి, తాను పుట్టుకతోనే స్వతంత్రురాలినని వాదించింది. ఆమె తల్లి విటాలిస్ ఒకప్పుడు బానిస; తరవాత విడుదల పొందింది. బిడ్డ పుట్టేనాటికి తల్లి స్థితి ఏదో, బిడ్డదీ అదే అని రోమను ధర్మం. మరి యూస్టా పుట్టింది విడుదలకు ముందా, తరవాతా? పుట్టిన తేదీని రుజువుచేసే పత్రం లేదు. ముందేనన్నది యజమానురాలు కలటోరియా. ఆ కుటుంబానికే చెందిన టెలెస్ఫోరస్ మాత్రం యూస్టా పక్షాన సాక్ష్యం చెప్పాడు.

తీర్పు రాసిన పలక దొరకలేదు. చక్రవర్తుల పేర్లు పాలరాతి మీద నిలిచాయి. ఒక సామాన్యురాలి మొర ఈ చెక్కగీతల్లో నిలిచింది. మీరే న్యాయాధిపతి అయితే, సాక్షులను మొదట ఏమడుగుతారు? ఆలోచించండి.